రెడ్డెప్ప సార్ ఇంట్లో దిగని డికాక్షన్

2023 చలికాలం. తిరుపతిలో అలిపిరి వైపు పోయే రోడ్డు నుంచి పక్కకు తిరిగిన ఒక సందులో మాది కాఫీ పొడి కొట్టు. ముందు గదిలో త్రాసు, పొడి ఆడే మిషను ఉంటాయి. వెనక గదిలో గింజలు వేయించే రోస్టర్. మా ఆయన గింజలు వేయిస్తారు, నేను ముందు కూర్చుని పొడి ఆడించి ఇస్తాను. అప్పటికి ఇరవై రెండేళ్ళుగా అదే పని.

ఈ పనిలో వేడి నన్ను విసిగించలేదు. పొగ విసిగించలేదు. ఎన్నిసార్లు ఉతికినా చీరను వదలని వాసన కూడా విసిగించలేదు. విసిగించింది ఒక్కటే. ఇంట్లో కాఫీ బాగా కుదిరితే ఆ గొప్ప కలిపినవాళ్ళది. కుదరకపోతే తప్పు పొడిది. ఇంగువ డబ్బా పక్కనే మూత సరిగా లేని డబ్బాలో పొడి పోసుకుని, కాఫీ సాంబారు వాసన వస్తోందని ఒకావిడ నాతో అరగంట తగవు పడింది. ఒకాయన నీళ్ళు కాగిన తర్వాత ఫోన్ మాట్లాడి, అవి చల్లారాక ఫిల్టర్లో పోసి, డికాక్షన్ నీళ్ళలా పలచగా ఉందని పొట్లం తిప్పి తెచ్చాడు. ఇంకొకరు ఫిల్టర్ పై గిన్నె కన్నాలను ఏడాదిగా తోమలేదు. కాఫీ గింజలో నూనె ఉంటుంది, అది కన్నాలకు పట్టి గట్టిపడుతుంది. ఖాళీ గిన్నెను ఒక్క నిమిషం మంట మీద చూపించి బ్రష్‌తో రుద్దితే పోతుంది. ఆ మాట చెబితే, "మా ఇంట్లో గిన్నెలు తోమరనుకుంటివా?" అని కోపం. ఏమైనా మార్చారా అని అడిగితే అందరూ ఒకటే మాట చెబుతారు. మేమేం మార్చలేదమ్మా.

రెడ్డెప్ప సార్ కూడా అదే చెప్పారు.

ఆయన బ్యాంకులో ఆఫీసరుగా పనిచేసి రిటైరయ్యారు. మా సందుకు రెండు వీధుల అవతల ఉన్న అపార్ట్‌మెంట్‌కు సెక్రటరీ. పదేళ్ళుగా మా దగ్గరే పొడి. పీబెర్రీ, అంటే కాయలో రెండు పప్పులకు బదులు ఒకటే గుండ్రంగా పెరిగే గింజ, అది ఎనభై పాళ్ళు. చికోరీ ఇరవై పాళ్ళు. చికోరీ అంటే ఒక దుంప. వేయించి పొడి చేసి కలిపితే డికాక్షన్‌కు చిక్కదనం వస్తుంది. ఆయన ఎప్పుడూ తీసుకునేది ఇదే.

ఒక రోజు ఉదయం సగం వాడిన పొట్లం తెచ్చి త్రాసు పక్కన పెట్టారు.

"ఏమ్మా సులోచనా, ఈ పొడిలో ఏం కలిపినారు?"

"చికోరీ సార్. మీరు ఎప్పుడూ తీసుకునేదే."

"అది కాదు. ఇంకా ఏం కలిపినారని అడగతా ఉండా. ఆరు గంటలకు నీళ్ళు పోస్తే ఏడైనా దిగల్యా. దిగిందేమో బురద మాదిరి ఉండాది. ఒకటే చేదు."

ఫిల్టర్ మార్చారా అని అడిగాను. లేదన్నారు. పాలు మార్చారా అంటే అదీ లేదు. నీళ్ళు బాగా మరిగాకే పోస్తున్నారా అని అడిగేసరికి ఆయనకు కోపం వచ్చింది.

"మా ఆమె ముప్పై ఎనిమిదేళ్ళుగా పోస్తా ఉండాది. నువ్వు నేర్పించాల్నా?"

డికాక్షన్ దిగకపోతే మేం మొదట అనుమానించేది గ్రైండ్‌ను, అంటే పొడి ఎంత మెత్తగా ఉందన్నదాన్ని. మరీ మెత్తగా ఆడితే పొడి ముద్దకట్టి నీళ్ళకు దారి ఇవ్వదు. నీళ్ళు అందులో ఎక్కువసేపు నానేకొద్దీ చేదు దిగుతుంది. మిషను పళ్ళు బిగిసాయేమో అనుకుని కొంచెం బరకగా ఆడి ఇచ్చాను. నాలుగు రోజులకు మళ్ళీ వచ్చారు. ఈసారి చికోరీ సగం తగ్గించాను, ఎందుకంటే అది నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. మళ్ళీ వచ్చారు. చికోరీ అసలు లేకుండా ఇచ్చాను. మళ్ళీ వచ్చారు. ప్రతిసారీ ఆయన తిప్పి తెచ్చిన పొడితోనే కొట్టు వెనక మా ఫిల్టర్లో డికాక్షన్ వేసి చూశాను. పావుగంటలో చక్కగా దిగింది. ఒకసారి దాంతోనే కాఫీ కలిపి ఆయన చేతికిచ్చాను. తాగారు. గ్లాసు కింద పెట్టి, "నాకోసం వేరే పొడి వేసి కలిపినావు" అన్నారు.

 ఆయన ఎదురుగానే, ఆయన పొట్లంలోంచే తీశాను.

ఆ వారమే వాళ్ళ అపార్ట్‌మెంట్ నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి, పొడి కొనకుండా నిలబడి, "చింతగింజల పొడి కలపతా ఉండారంట, నిజమేనా అక్కా?" అని మెల్లగా అడిగారు. ఎవరన్నారంటే ఫోన్ తీసి చూపించారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో సెక్రటరీ గారి మెసేజ్. మా కొట్టు పేరు రాయలేదు గాని, సందు పేరు రాశారు. ఆ సందులో కాఫీ పొడి కొట్టు మాదొక్కటే. ఆ సాయంత్రం మా ఆయన రోస్టర్ ఆపి, "ఇరవై రెండేళ్ళు కల్తీ చేయకుండా బతికినందుకు ఈ పేరు" అని ఒక్క మాట అని ఊరుకున్నారు. నేను ఊరుకోలేకపోయాను. ఆ కోపం నాలో చాలా రోజులుంది. తర్వాత జరిగినదానికి అదే కారణం.

ఒక రోజు పదకొండు గంటలప్పుడు కొట్టు నిండా జనం. మిషను మోత. ఫోన్ మోగింది.

"సులోచనా, నేను వసంతమ్మను. రెడ్డెప్ప సార్ ఇంట్లో."

ఆమెను నేను మూడు నాలుగుసార్లే చూశాను. నెమ్మదైన మనిషి. గొంతు పెంచి మాట్లాడగా వినలేదు.

"చెప్పండక్కా."

"పొడి మీద నాకేం అనుమానం లేదమ్మా. నేనే యాడన్నా తప్పు చేస్తా ఉండానేమో అని. నువ్వు చెప్తే సరిచేసుకుంటా."

ఇరవై రెండేళ్ళలో నా దగ్గరికి వచ్చిన వాళ్ళలో ఈ మాట అడిగింది ఆమె ఒక్కతే. అటువంటి మనిషికి నేను చెప్పాల్సిన జవాబు వేరు. కానీ నా కళ్ళ ముందు వాట్సాప్ మెసేజే ఉంది.

"అక్కా, నాకూ విసుగెత్తి యాష్టకొచ్చింది. అదే పొడి ఈడ బాగా దిగతా ఉండాది, నాలుగుసార్లు చూసినా. ఇంక మిగిలింది మీ చెయ్యే. వయసైనాక కొలతలు తప్పతాయి. స్పూన్లు లెక్కపెట్టుకొని వేసి సూడండి."



"అట్లనా. సరేలేమ్మా" అని పెట్టేసింది.

నేను మళ్ళీ త్రాసు దగ్గరికి వచ్చాను. నిజం చెప్పాలంటే కొంచెం తృప్తిగా కూడా అనిపించింది.

తర్వాత మూడు వారాలు రెడ్డెప్ప సార్ రాలేదు. పీడ వదిలిందనుకున్నాను. ఒక మధ్యాహ్నం వచ్చారు. చేతిలో పొట్లం లేదు, గొంతులో కోపం లేదు. బల్ల మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

"పొడిది కాదులేమ్మా తప్పు. నేనే తొందరపడి నిన్ను ఏమేమో అంటిని. ఆమెదే."

"ఎవరిది సార్?"

"వసంతది. మరుపు వచ్చినట్టుండాది. పోయిన నెల పాలు పొంగబెట్టేసింది. మా చెల్లెలి కోడలి పేరు గుర్తుకు రాలేదంట. కాఫీ సంగతి చూస్తానే ఉండావు గదా. మా పాప చిత్తూరులో టీచరు, అది కూడా నాయనా, అమ్మను బిన్నా, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించు అనింది. చూపించినాము. ఇప్పుడేం చెప్పలేము, ఆరు నెలలాగి మళ్ళా రండి అన్నాడు. అందాకా ఆమెను పొయ్యి దగ్గరికి పోనీకుండా వంటామెను పెట్టినా. ఆమెకు ఫిల్టర్ కాఫీ రాదు, ఇన్‌స్టంట్ పొడే కలిపిస్తాది."

నేను ఏదో అనబోయాను. ఆయనే మళ్ళీ అన్నారు:

"నువ్వు చెప్పినావంట గదా ఫోన్లో, చెయ్యి తప్పిందని. ఆమే నాకు చెప్పింది. పొడి గురించి తెలిసిన మనిషివి, నువ్వే ఆ మాట అన్నాక ఇంకేముండాది?"

ఆయన వెళ్ళాక నాకు పని సాగలేదు. పాలు ఎవరింట్లో పొంగవు? ఆడబిడ్డ కోడలి పేరు ఎవరికి గుర్తుంటుంది? వీటన్నిటినీ పట్టి కట్టిన దారం నేనిచ్చింది. చూడకుండా, అడగకుండా, ఆమె భర్త మీద కోపం ఆమె మీద తీర్చుకున్న మాట అది. ఆయన మీద కోపం పోలేదు. దానికి నా మీద కోపం తోడైంది. మా ఆయనను కొట్టులో కూర్చోమని, మా ఫిల్టర్, అప్పుడే ఆడిన పొడి సంచిలో వేసుకుని వాళ్ళ ఫ్లాటుకు వెళ్ళాను.

తలుపు తీసింది వసంతమ్మే. వంటామె పని ముగించుకుని వెళ్ళిపోయిందట. సార్ సోఫాలో ఉన్నారు. నేను వచ్చిన సంగతి చెప్పాను: "అక్కా, మీరు డికాక్షన్ వేయండి. నేను పక్కన నిలబడి చూస్తా."

ఆమె భర్త వైపు చూసింది. ఆయన, "వద్దులేమ్మా, ఏంటికి ఆమెను కష్టపెట్టేది" అన్నారు.

"నాకేం కష్టం లేదు" అని ఆమె వంటింట్లోకి నడిచింది.

అక్కడ ముందుగా ఆమె నాకు చూపించింది ఒక పాత డైరీ. నేను ఫోన్లో లెక్కపెట్టుకోమన్న రోజు నుంచి మొదలుపెట్టి రోజూ రాసింది. ఎన్ని స్పూన్లు, ఎన్ని గ్లాసుల నీళ్ళు, ఎన్నింటికి పోసింది, ఎన్నింటికి చూస్తే ఎంత దిగింది. అక్షరాలు గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి. మూడు స్పూన్లు, ఒక గ్లాసు, ఆరుంపావు, ఏడు గంటలకు అడుగున వేలెడు కూడా లేదు. మరుసటి రోజు అదే కొలత. ఆ మరుసటి రోజు బరక పొడి. వంటామె వచ్చిన రోజు దగ్గర డైరీ ఆగిపోయింది.

నేను నా పనిలో ఇంత శ్రద్ధగా ఏనాడూ రాసుకోలేదు. ఇది రాసిన మనిషికి మరుపా?

ఆమె డికాక్షన్ వేసింది. నేను కన్నార్పకుండా చూశాను. ఫిల్టర్ కన్నాలను వెలుతురుకు పెట్టి చూపించింది, అన్నీ తెరుచుకునే ఉన్నాయి. పొడిని సమంగా పరిచింది. పైన పెట్టే బిళ్ళను అదమలేదు, ఊరికే ఆనించింది. నీళ్ళు తెర్లి మరిగాక మంట ఆపి, ఒక్క క్షణం ఆగి, చుట్టూ తిప్పుతూ పోసింది. తప్పు పట్టడానికే వచ్చిన మనిషికి కూడా పట్టేందుకేమీ లేదు. పక్కనే మా ఫిల్టర్లో నేను కూడా వేశాను.

ఇరవై నిమిషాలకు మూతలు తీశాం. రెండింట్లోనూ నీళ్ళు అలాగే నిలబడి ఉన్నాయి. పొడి ఉబ్బి, మెత్తటి బంకమట్టిలా తయారైంది. నా ఫిల్టర్. నా పొడి. నా చెయ్యి. అయినా దిగలేదు. ఇంతకాలం కొట్టు కౌంటరు వెనక కూర్చుని జనానికి చెప్పిన సలహాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చి, నా మీద నాకే చిరాకు వేసింది.

ఆ చిరాకులోనే చేతికంటిన పొడి కడుక్కుందామని సింకు దగ్గరికి వెళ్ళాను. సబ్బు రుద్దుకుని నీళ్ళ కింద పెట్టాను. జారుడు పోదు. ఇంకా పెట్టాను. నూనె రాసుకున్నట్టు చేతులు జారుతూనే ఉన్నాయి.

"అక్కా, ఈ సబ్బు పోదేంది?"

"ఈ నీళ్ళు అంతేనమ్మా. ఇంతకుముందు కాచే గిన్నెకు తెల్లగా గార పట్టేది. ఇప్పుడు అది కూడా పట్టడంల్యా."

"ఎప్పటి నుంచి?"

ఆమె జవాబు చెప్పేలోపే హాల్లోంచి సార్ లేచి వచ్చారు. ఇది ఆయనకు ఇష్టమైన సంగతి. "నేనే పెట్టించినా. వాటర్ సాఫ్ట్‌నర్ ప్లాంటు. మా బోరులో ఒకటే ఉప్పు నీళ్ళు, గీజర్లన్నీ పాడైపోతా ఉన్నింది. మూడేళ్ళు మీటింగుల్లో కొట్లాడి పెట్టించినా. వాచ్‌మన్ వారానికొకసారి దాని తొట్లో ఉప్పు పోస్తాడు, అంతే. ఇప్పుడు చూడు, నీళ్ళు ఎంత మెత్తగా ఉండాయో."

"పెట్టించి ఎన్నాళ్ళయింది సార్?"

"దసరా అయినాక."

"కాఫీ ఎప్పటి నుంచి దిగడంల్యా?"

 వసంతమ్మ డైరీ మూసి గట్టు మీద పెట్టి, "దీపావళికి ముందు నుంచి" అంది.

తాగడానికి వాళ్ళు క్యాన్ నీళ్ళు తెప్పించుకుంటారు. కాఫీకి మాత్రం ఎలాగూ కాగుతాయి కదా అని కొళాయి నీళ్ళే. ఒక గిన్నెలో క్యాన్ నీళ్ళు, ఇంకో గిన్నెలో కొళాయి నీళ్ళు కాచి, రెండు ఫిల్టర్లలో ఒకే పొడి, ఒకే కొలత వేశాం. ఈసారి పోసింది వసంతమ్మ, చూసింది సార్. పది నిమిషాలు దాటేసరికి క్యాన్ నీళ్ళ ఫిల్టర్ కింద గిన్నె సగానికి వచ్చింది. రెండోది కదల్లేదు.

"నీ ఫిల్టర్‌లో ఏమన్నా తేడా ఉండాదేమో" అన్నారు సార్.

పట్టలేనంత విసుగు వచ్చింది. అయినా ఒక్క మాట అనకుండా రెండు ఫిల్టర్లూ కడిగి, నీళ్ళు అటూ ఇటూ మార్చి మళ్ళీ వేయించాను. మళ్ళీ క్యాన్ నీళ్ళదే దిగింది. సార్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

వసంతమ్మ కాఫీ కలిపి నాకొక గ్లాసు, తనకొక గ్లాసు పోసుకుంది. ఒక గుక్క తాగి, గ్లాసు గట్టు మీద పెట్టింది. తర్వాత భర్తను అడిగింది:

"డాక్టరు రాసిచ్చిన కాగితం యాడ పెట్టినారు?"

"ఏంటికి ఇప్పుడు?"

"గడియారం బొమ్మ గీయమన్నాడు, సరిగ్గానే గీసినా. ఐదు మాటలు చెప్పి మళ్ళా అడిగినాడు, ఐదూ చెప్పినా. అంతా ఆ కాగితంలో ఉండాది. మీరు చదవల్యా. కాఫీనే చదివినారు."

ఆయన తల దించుకున్నారు.  ఆ మాట నాకూ తగిలింది.

"అక్కా, ఫోన్లో నేనన్న మాట తప్పు. చూడకుండా అన్నాను" అన్నాను.

"నువ్వనే దానికి ముందు నా మతి మీద నాకు అనుమానమే వచ్చినాది కాదమ్మా" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే తేలికగా ఉండేది. "నువ్వన్నాక ప్రతిదానికీ భయమే. గ్యాస్ కట్టేసినానా అని నాలుగుసార్లు చూసుకుంటా ఉంటి. రోజూ పిలిచే పేర్లు కూడా నోట్లో ఆగిపోతా ఉన్నింది."

తర్వాత ఒకసారి కొట్టుకు వచ్చిన కెమిస్ట్రీ లెక్చరర్‌ను దీని సంగతి అడిగాను. నాకు అర్థమైనంతవరకు ఇదీ విషయం. సాఫ్ట్‌నర్ బోరు నీళ్ళలోని సున్నం తీసేసి, ఆ చోట ఉప్పులో ఉండే సోడియం పెడుతుంది. గీజరుకు అది మంచిదే. కాఫీ పొడి మాత్రం ఆ నీళ్ళలో ఉబ్బి దగ్గరగా ముద్దకడుతుంది. ఇక నీళ్ళకు దారుండదు. ఎక్కువసేపు నానడంతో చేదు. సున్నపు నీళ్ళతో కాఫీ గొప్పగా ఏమీ ఉండదు గాని, కనీసం దిగుతుంది. మిగతా ఫ్లాట్లలో ఎక్కువమంది క్యాన్ నీళ్ళతోనే కాఫీ పెట్టుకుంటారు కాబట్టి వాళ్ళకు తెలియలేదు. కొళాయి నీళ్ళు వాడే రెండు మూడిళ్ళవాళ్ళు సెక్రటరీ గారి మెసేజ్ చదివి పొడినే తిట్టుకున్నారు.

గ్రూపులో ఆయన మళ్ళీ మెసేజ్ పెట్టారు. "కాఫీ, టీలకు క్యాన్ నీళ్ళు వాడవలసిందిగా మనవి." అంతే. చింతగింజల ఊసు లేదు. మా ఆయన అది చదివి నవ్వారు, నాకు నవ్వు రాలేదు. నేనే సార్‌కు ఫోన్ చేసి, పొడిలో కల్తీ లేదని కూడా రాయమన్నాను. రెండు రోజులు నాన్చి రాశారు.

వంటామెను మాన్పించారని విని సంతోషించాను. కానీ ఆమె మళ్ళీ ఆయనకు కాఫీ కలిపిస్తుందని నేననుకున్నట్టు జరగలేదు. నెల తర్వాత పొడి కోసం వసంతమ్మ తనే వచ్చింది. సార్ ఎలా ఉన్నారని అడిగాను.

"ఉండారు. పొద్దున్నే కాఫీ ఆయనే కలుపుకుంటా ఉండాడు. నేను పొయ్యి దగ్గరికి వస్తే, వసంతా ఒక గ్లాసు పోస్తావా అన్నాడు. మీరే కలుపుకోండి, నాది నేను కలుపుకుంటా అన్నా. ఇద్దరం పక్కపక్కనే నిలబడి కలుపుకుంటాము." పొట్లం సంచిలో పెట్టుకుంటూ, "ఆయనకు ఇంకా కొలత కుదరల్యా. నేనేం అనను" అంది.

ఆ సంగతి తర్వాత నేను నేర్చుకున్నవి రెండు. ఒకటి పనికి సంబంధించింది. ఏమైనా మార్చారా అని అడిగితే ఎవరూ నిజం చెప్పలేరు, ఎందుకంటే మార్పు వంటింట్లో జరగలేదు, మేడ మీద ట్యాంకు దగ్గర జరిగింది. అందుకే ఇప్పుడు నీళ్ళు ఎక్కడివి, ట్యాంకు కడిగారా, కొత్త ప్లాంటు పెట్టించారా, నీళ్ళ ఫిల్టరు మెషిన్ మార్చారా అని విడివిడిగా అడుగుతాను. ఇన్ని ప్రశ్నలేంటని విసుక్కుంటారు. విసుక్కోనీ.

రెండోది ఎవరికీ నేర్పలేను. పొడి గురించి తెలుసు కాబట్టి మనిషి గురించి కూడా తెలుసని నేననుకున్నాను. ఒక ఇంట్లో ఒక మనిషిని అందరూ అనుమానిస్తున్న వేళ, ఆ పని తెలిసిన బయటివాళ్ళు అనే మాట ఊరికే మాటగా ఉండదు. సాక్ష్యమైపోతుంది. ఇప్పటికీ ఫోన్లో ఎవరైనా కాఫీ కుదరడం లేదంటే నాకు విసుగే వస్తుంది. ఆ విసుగు పొడి మీద, నీళ్ళ మీద, పాల మీద చూపిస్తాను. కలిపిన చేతి గురించి మాత్రం, వెళ్ళి చూసేదాకా, ఒక్క మాట అనను.